భుజానికి బరువు కాని తుపాకీ

కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్లలో లైసెన్సు తుపాకీ అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెలే. రెండు గొట్టాలు పక్కపక్కన ఉంటాయి. తాతల నాడు కొన్నది, ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేది. మూడు కిలోలు దాటే ఆ తుపాకీని అరుగు మీద కూర్చుని తుడవడం తేలికే. వాన వెలిసిన నల్లరేగడిలో, అడుగడుక్కీ చెప్పులకు మట్టి అంటుకుంటుంటే, పత్తి సాళ్ల వెంట పూటంతా మోయాలంటే మాత్రం భుజం దిగిపోతుంది.

నడిచే మనిషి కోసమే పుట్టిన తుపాకీలు వేరే ఉన్నాయి. బోరు చిన్నది, గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, బరువు రెండున్నర నుంచి మూడు కిలోల లోపు. గొట్టాల ఈ అమరికనే ‘ఓవర్ అండ్ అండర్’ అంటారు. కొనేవాళ్లు సాధారణంగా మొదట అడిగేది బరువెంత అని. అనుభవమున్నవాళ్లు మాత్రం ఆ బరువు తుపాకీలో ఎక్కడ ఉందో ముందు చూస్తారు.

బోరు లెక్క పాతకాలపుది. ఒక పౌను సీసాన్ని సమానమైన పన్నెండు గుండ్లు చేస్తే, ఆ గుండు పట్టే గొట్టం 12 బోరు. ఇరవై చేస్తే 20 బోరు. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది: 12 బోరు వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 బోరుది 15.6, 28 బోరుది 14. .410 ఒక్కటే ఈ లెక్కలోకి రాదు. అది అంగుళాల్లో చెప్పిన కొలత. ఒకప్పుడు మన దేశంలో పోలీసుల చేతుల్లో కనిపించిన మస్కెట్ కూడా .410దే.

గొట్టాలను నిలువుగా పేర్చే పద్ధతికి పేరు తెచ్చినవాడు అమెరికన్ తుపాకీ రూపశిల్పి జాన్ మోసెస్ బ్రౌనింగ్. లండన్‌లో బాస్, వుడ్‌వర్డ్ కంపెనీలు అంతకు ముందే ఇలాంటివి చేశాయి కానీ అవి సంపన్నులకే అందేవి. బ్రౌనింగ్ తన ‘సూపర్‌పోజ్డ్’ తుపాకీ పనిలో ఉండగానే 1926లో బెల్జియంలోని లీజ్‌లో చనిపోయాడు. కొడుకు వాల్ బ్రౌనింగ్ ఆ పని పూర్తిచేశాడు. 1931లో తుపాకీ బజారుకొచ్చింది.

నిలువు అమరికతో ప్రయోజనాలు రెండు. గురి చూసే కంటికి రెండు గొట్టాల వెడల్పు అడ్డు రాదు, ఒకే సన్నని దారి కనిపిస్తుంది. ముందు కింది గొట్టం పేలిస్తే తన్ను దాదాపు తిన్నగా భుజంలోకి వస్తుంది కాబట్టి మూతి పెద్దగా పైకి లేవదు, రెండో దెబ్బకు చప్పున సిద్ధం కావచ్చు. ఇబ్బంది కూడా ఉంది. 12 బోరులో ఈ అమరిక వల్ల తుపాకీ నడుము, అంటే గొట్టాలు వచ్చి కలిసే మధ్యభాగం, బాగా ఎత్తుగా తయారవుతుంది. కింది గొట్టంలో తూటా పెట్టాలంటే తుపాకీని ఎక్కువగా విరవాలి. 20, 28 బోర్లలో నడుము పొట్టిదై ఎడమ అరచేతిలో చక్కగా ఇముడుతుంది. ఓవర్ అండ్ అండర్ అందం చిన్న బోరులోనే తెలుస్తుందని షికారీలు అనేది ఇందుకే.

తేలికదనానికీ ఒక హద్దుంది. తుపాకీ బరువు తూటాలోని రవ్వల బరువుకు 96 రెట్లు ఉండాలని బ్రిటిష్ తుపాకీ నిపుణుడు డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రీనర్ పేరుతో ఓ పాత సూత్రం చలామణిలో ఉంది. 32 గ్రాముల తూటాకు మూడు కిలోల పైచిలుకు తుపాకీ కావాలి. 24 గ్రాములకు 2.3 కిలోలు, 28 గ్రాములకు 2.7 కిలోలు సరిపోతాయి. తేలికని 2.5 కిలోల 20 బోరు కొని, అందులో 35 గ్రాముల మాగ్నమ్ తూటాలు వేసేవాళ్లున్నారు. సూత్రం ప్రకారం ఆ తూటాకు 3.4 కిలోల తుపాకీ ఉండాలి. తేడా అంతా భుజం మీద పడుతుంది.

ఇదే లెక్కను తిరగేస్తే, గాల్లోకి ఎగరేసిన పళ్లేలను కాల్చే ట్రాప్ షూటింగ్ అర్థమవుతుంది. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ వ్యక్తిగత కాంస్యం గెలిచాడు. పృథ్వీరాజ్ తొండైమాన్, జొరావర్ సింగ్ సంధూలతో కలిసి జట్టు స్వర్ణమూ అందుకున్నాడు. ఆ పోటీల్లో తూటా 24 గ్రాములదే, అంటే మామూలు 20 బోరు తూటాలో ఉండేన్ని రవ్వలే. తుపాకీలు మాత్రం మూడున్నర కిలోలు దాటిన 12 బోరువి. నిలబడి రోజంతా కాల్చేవాడికి బరువు మేలు చేస్తుంది. పొద్దంతా నడిచి నాలుగు తూటాలు కాల్చేవాడికి అదే భారం.

ఇక బరువు ఎక్కడ ఉండాలన్న ప్రశ్న. రెండు కొసల్లో కుండలు వేలాడే కావడిని సందు మలుపులో తిప్పడం ఎంత కష్టమో మోసినవాళ్లకు తెలుసు. తుపాకీ అయినా అంతే. బరువు రెండు చేతుల మధ్య ఉంటే ఎగిరిన పిట్ట వెంట మూతి చప్పున తిరుగుతుంది. కొన్ని కంపెనీలు నడుమును ఉక్కుతో కాక అల్యూమినియం మిశ్రమంతో చేసి బరువు తగ్గిస్తాయి. తగ్గింది సరిగ్గా మధ్యలోనే కాబట్టి మూతి బరువనిపిస్తుంది. గొట్టాలను మరీ పలచన చేస్తే ఇంకో చిక్కు: మూతి త్వరగా కదులుతుంది, అంతే త్వరగా ఆగిపోతుంది, దెబ్బ పిట్ట వెనక పడుతుంది. పరీక్ష సులువే. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, విరిగే చోట ఉండే కీలు కింద వేలు పెట్టి నిలపాలి. అక్కడే నిలిస్తే, లేదా కొంచెం ముందుకు మొగ్గితే మంచిది. 28 అంగుళాల గొట్టాలు చాలామందికి కుదురుతాయి.

28 బోరు కొనేవాళ్లు మరొకటి గమనించాలి. ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు తయారీదారులు 20 బోరు నడుముకే 28 బోరు గొట్టాలు బిగిస్తారు. బయటి కొలత అదే, లోపలి రంధ్రం చిన్నది, కాబట్టి గొట్టం మందమవుతుంది. చివరికి చిన్న బోరు తుపాకీ 20 బోరు కన్నా బరువు తూగడమూ ఉంది. దాని కొలతకే తీర్చిన నడుము ఉంటేనే 28 బోరుకు పెట్టిన డబ్బు గిట్టుబాటు.

బోరు చిన్నదైతే రవ్వలు పరుచుకునే వలయమూ చిన్నదవుతుందనుకోవడం పొరపాటు. గొట్టం మూతి దగ్గరి బిగువు, అంటే చోక్, ఒకటే అయితే వలయం ఇంచుమించు అంతే ఉంటుంది, అందులో రవ్వలే పలచబడతాయి. అమెరికన్ ఏడున్నర నంబరు రవ్వలు ఔన్సుకు 350 దాకా వస్తాయి. ముప్పావు ఔన్సు పట్టే 28 బోరులో ఉండేవి 260 పైచిలుకే. అందుకే ఈ తుపాకీలు దగ్గరలో ఉన్న పిట్టలకే. అడవిపంది మీద ఇలాంటి రవ్వలు కాలిస్తే అది చావదు, గాయంతో పొదల్లోకి పారిపోతుంది.

అసలు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు కౌజు, పూరేడు పిట్టల షికారు నేరమే. పంటకు ముప్పు ఉన్నప్పుడు అధికారుల అనుమతితోనే కొన్ని జంతువుల మీద తుపాకీ ఎత్తాలి. 1959 ఆయుధ చట్టం రక్షణకు, క్రీడకు ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టమున్న షాట్‌గన్‌ను, పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే తుపాకీని పేర్కొంటుంది. 2019 సవరణతో ఒక మనిషికి రెండు ఆయుధాలే పరిమితి. తూటాలు తేలిగ్గా దొరికే 12 బోరే ఇక్కడి లైసెన్సుదారుకు ఆచరణలో నడిచేది.

చిన్న బోరు అక్కరకొచ్చేది ఈ ఊళ్ల నుంచి వెళ్లి టెక్సాస్ లాంటి చోట్ల స్థిరపడ్డవాళ్లకు. అక్కడ ఉత్తర, మధ్య మండలాల్లో సెప్టెంబరు 1న పావురాల సీజన్ మొదలవుతుంది. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. టెక్సాస్‌లో సాధారణంగా వేట శిక్షణ కోర్సూ పూర్తిచేయాలి.

అలాంటివారికి మొదటి తుపాకీగా ఉక్కు నడుము, 28 అంగుళాల గొట్టాలు, 2.7 కిలోల దరిదాపు బరువున్న 20 బోరు సరిపోతుంది. తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, 28 బోరు వాటికన్నా చవక. 20 బోరు తూటాలకు పసుపు రంగు వేయడానికీ కారణముంది. జేబులో కలిసిపోయి 12 బోరు గొట్టంలో పడితే ఆ తూటా లోపలికి జారి ఇరుక్కుంటుంది. గొట్టం ఖాళీ అనుకుని వెనక 12 బోరు తూటా పెట్టి పేలిస్తే గొట్టమే పగులుతుంది. ఇంట్లో రెండు బోర్లూ ఉన్నవాళ్లు ఒక రోజుకు ఒకే బోరు తూటాలు బయటికి తీసి, మిగతావి తాళంలోనే ఉంచుతారు.