తాండూరు బండ, ఒంటి ఉప్పు

వికారాబాద్ జిల్లా తాండూరులో ఎండాకాలం నాపరాతి గని చూడాలి. పనిమంతుడు పొర సందులో ఉలి పెట్టి సుత్తితో తడుతూ పోతాడు. చప్పుడు మారగానే ఆగుతాడు. బండ పలకలా లేస్తుంది. అక్కడ బలం కన్నా చెవి గొప్పది.

ఆ ఎండలో అతని చెమటతో ఉప్పూ పోతుంది. దాన్ని కాచేవి మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు. ఒక్కోటి 4-5 గ్రాములే. వాటి బెరడుకూ నాపరాయిలాగే పొరలున్నాయి, మూడు. పై పొర వదిలే ఆల్డోస్టిరాన్ మాట విని, మూత్రంలో పోబోయే సోడియాన్ని మూత్రపిండాలు వెనక్కి తీసుకుంటాయి. నడిమి పొర కార్టిసాల్ తెల్లవారేసరికే పెరిగి ఒంటిని పనికి సిద్ధం చేస్తుంది.

బండ జారితే, గ్రంథి నడిబొడ్డు నుంచి అడ్రినలిన్ వచ్చి గుండెను ఉరికిస్తుంది. కాలు మాత్రం అంతకుముందే పక్కకు జరిగి ఉంటుంది. అది నరాల వేగం, ఏళ్ల అలవాటు.

మధ్యాహ్నం పప్పన్నంలో ఇంకాస్త ఉప్పు కలుపుకుంటాడు.