ముందు ఆపడం నేర్పాలి

మే నెల మధ్యాహ్నం డాబా మీది రేకుల గదిలో కూర్చుని రేడియో నడపమంటే ఎవరైనా దండం పెట్టి తప్పుకుంటారు. అయినా చాలామంది హామ్‌ల (సరదాకు రేడియో నడిపే లైసెన్సుదారుల) రిగ్గులు, అంటే రేడియో సెట్లు, చివరికి అక్కడికే చేరతాయి. యాంటెన్నా ఎత్తున ఉండాలి, దానికీ రేడియోకీ మధ్య కేబుల్ పొట్టిగా ఉండాలి. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్‌ను 30 మీటర్లు లాగితే, 435 మెగాహెర్ట్జ్ దగ్గర మనం పంపిన శక్తిలో సుమారు పదో వంతు యాంటెన్నాకు చేరుతుంది. మిగతాదంతా కేబుల్‌ను వెచ్చబెట్టడానికే. అదే దూరం మామూలు లాన్ కేబుల్ వేస్తే అందులో పోయే అంకెల్లో ఒక్కటీ తరగదు. అందుకే రేడియోను పైన వదిలేసి నేను కింద ఫ్యాను గాలికి కూర్చుంటున్నాను. పైన రిగ్గు పక్కన అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు, రెంటికీ మధ్య ఒక యూఎస్‌బీ వైరు, అక్కణ్నుంచి ఇంటి నెట్‌వర్కు, అంతే సరంజామా. (ఆ చిన్న కంప్యూటరుకూ ఎండ పడదు. చిప్ వేడి 80 డిగ్రీలకు చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దానికీ ఒక బుల్లి ఫ్యాను పెట్టక తప్పలేదు.)

కంప్యూటరు నుంచి రేడియోతో మాట్లాడటం ఒకప్పుడు పెద్ద తంటా. కంపెనీకో భాష. కెన్‌వుడ్ రేడియోను 14.2 మెగాహెర్ట్జ్‌కు పొమ్మనాలంటే ‘ఎఫ్‌ఏ’ అని రాసి, పక్కనే పదకొండు అంకెల్లో 00014200000 అని హెర్ట్జ్‌ల లెక్క రాసి, సెమికోలన్ పెట్టాలి. చూస్తే మనిషికీ అర్థమవుతుంది. ఐకామ్ వాళ్ల సీఐ-వీ పద్ధతి అలా కాదు. అదే ఫ్రీక్వెన్సీ 00 00 20 14 00 అని జతలు జతలుగా, తోక ముందు తల వెనక అన్నట్టు వెళ్తుంది. దానికి ముందు రెండు ‘ఎఫ్‌ఈ’లు, చివర ఒక ‘ఎఫ్‌డీ’, నడుమ ఏ రేడియోకు చెబుతున్నామో దాని చిరునామా ఉండాలి. ఐసీ-7300 అయితే 94. యాసు పాత రిగ్గులకు అయిదేసి బైట్ల మూటలు తప్ప మరొకటి తలకెక్కదు. 2000లో మొదలైన హామ్‌లిబ్ ఈ భాషలన్నీ నేర్చిన దుబాసీ. కొందరు హామ్‌లు తీరిక వేళల్లో రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేరు అది. ఇవాళ మనం వాడే ప్రోగ్రాముల్లో చాలావాటికి వెనక నుంచి మాట అందించేది ఇదే.

అందులో రిగ్‌సీటీఎల్‌డీ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. పైనున్న కంప్యూటరులో దాన్ని నడిపితే 4532 పోర్టు దగ్గర చెవి పెట్టుకుని కూర్చుంటుంది. కింద నుంచి ఆ పోర్టుకు తగులుకుని చిన్న బడి ‘ఎఫ్’ ఒక్కటి కొట్టామా, రేడియో ఏ ఫ్రీక్వెన్సీ మీదుందో అంకె వచ్చి పడుతుంది. పెద్ద బడి ‘ఎఫ్’ కొట్టి పక్కన అంకె రాస్తే రేడియో అక్కడికి దూకుతుంది. చిన్నక్షరం అడుగుతుంది, పెద్దక్షరం ఆజ్ఞాపిస్తుంది. పని జరిగితే ‘ఆర్‌పీఆర్‌టీ 0’ అని బదులొస్తుంది. నాకీ కుదురు ఎంతో ఇష్టం. రంగుల తెరలూ తిరిగే డయళ్ల బొమ్మలూ లేకుండా, ఒక్క అక్షరంతో డాబా మీది పెట్టె కదులుతుంది.

దీని అసలు రుచి ఉపగ్రహాల దగ్గర తెలుస్తుంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మోసుకెళ్లిన హామ్‌శాట్ గుర్తుందా? 42.5 కిలోల ఆ బుల్లి ఉపగ్రహం మీదుగా మాట్లాడిన వాళ్లనడగండి. ఒక చేత్తో యాంటెన్నాను దాని వెంట తిప్పాలి, ఇంకో చేత్తో డయల్ సవరించాలి, మైకు పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. 2014లో అది మూగబోయింది. ఇప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయేటప్పుడు దాని రిపీటర్ 437.800 మెగాహెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. దగ్గరకొస్తున్నప్పుడు డాప్లర్ ప్రభావం వల్ల సుమారు పది కిలోహెర్ట్జ్ పైన, దూరమవుతున్నప్పుడు అంతే కింద. పది నిమిషాల్లో ఇటు నుంచి అటు జారిపోతుంది. జీప్రెడిక్ట్ అనే ప్రోగ్రాం ఆ లెక్కంతా తాను వేసుకుని, ఫ్రీక్వెన్సీని 4532 పోర్టుకూ, యాంటెన్నా తిప్పే మోటారుకు దిక్కునూ ఎత్తునూ 4533 పోర్టుకూ అందిస్తూ ఉంటుంది. మనం తీరిగ్గా కాల్‌సైన్ చెప్పుకోవచ్చు.

ఇంతవరకూ అంతా ముచ్చటే. చిక్కల్లా పెద్ద బడి ‘టి’ దగ్గర ఉంది. ‘టి 1’ అంటే ప్రసారం మొదలు, ‘టి 0’ అంటే ఆపు. కొత్తవాళ్లందరూ మొదటి ఆజ్ఞ పనిచేయగానే చంకలు గుద్దుకుంటారు. నా దృష్టిలో ఈ విద్య అంతా రెండో ఆజ్ఞలోనే ఉంది.

ఎందుకంటారా? ప్రసారం మొదలవగానే యాంటెన్నా నుంచి వంద వాట్ల శక్తి చుట్టూ పరుచుకుంటుంది. అందులో కొంత పక్కనే ఉన్న యూఎస్‌బీ వైరులోకి దూరుతుంది. దాంతో ఒక్కోసారి కంప్యూటరుకూ రిగ్గుకూ మధ్య బంధం తెగుతుంది. ఇక ఆపమన్న ఆజ్ఞ పోయే దారే మూసుకుపోయింది. రేడియో మాత్రం చివరిగా విన్న మాట మీదే నిలబడి ప్రసారం చేస్తూనే ఉంటుంది. మనం ముందుంటే స్విచ్చి కట్టేస్తాం. రెండంతస్తుల కింద ఉంటే మెట్లెక్కాలి. ఊళ్లోనే లేకపోతే? వైరుకు రెండు కొసలా ఫెర్రైట్ క్లిప్పులు తొడగడం మొదటి మందు. రిగ్గులోనే ఉండే గడువు గడియారం రెండోది. ఐసీ-7300లో ప్రత్యేకంగా సీఐ-వీ ఆజ్ఞతో మొదలైన ప్రసారానికే ఒక గడువుంది. మూడు నిమిషాల నుంచి ముప్ఫై దాకా ఎంచుకోవచ్చు. దాన్ని మూడు మీద పెట్టుకోండి. ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతిలో ఆడేవాళ్లు వాడే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రాంలోనూ ఇలాంటి కాపలా ఉంది, మామూలుగా ఆరు నిమిషాల మీద ఉంటుంది. కానీ అది కంప్యూటరు వైపు కాపలా. తెగింది వైరే అయితే దాని వల్ల లాభం లేదు. ఆపే శక్తి రేడియో పక్కనే ఉండాలి. రిగ్గు కరెంటును కట్ చేసే రిలే ఒకటి విడిగా పెట్టుకోవడం మూడో జాగ్రత్త.

తాళం సంగతి కూడా ఇందులోదే. సాదాగా నడిపితే రిగ్‌సీటీఎల్‌డీ పాస్‌వర్డ్ అడగదు. సౌకర్యంగా ఉంటుందని 4532ను ఇంటర్నెట్‌కు తెరిచి పెడితే, దారిన పోయేవాడు ‘టి 1’ కొట్టి మన కాల్‌సైన్ మీద కేకలు వేయొచ్చు. గాలిలోకి పోయే ప్రతి సంకేతానికీ బాధ్యత లైసెన్సు ఉన్నవాడిదే, కుర్చీలో ఎవరున్నా సరే. ఇల్లు దాటి వెళ్లాలంటే ముందు లైసెన్సు షరతులు చదవాలి, ఆ తర్వాత వైర్‌గార్డ్ లాంటి మూసిన దారి వేసుకోవాలి.

దూరం నుంచి నడపడమంటే హామ్ రేడియోను చంపడమేనని మా పెద్దవాళ్లలో కొందరి గొణుగుడు. నేనొప్పుకోను. 2024 ఆగస్టులో పసిఫిక్‌లోని జార్విస్ దీవి నుంచి ఎన్5జే కాల్‌సైన్‌తో ప్రసారాలు నడిచాయి. రేడియోలు దీవి మీద, ఆపరేటర్లు తీరానికి దూరంగా ఆగిన పడవలో. అది పక్షుల అభయారణ్యం, మనుషులు ఎంత తక్కువగా దిగితే అంత మేలు. అయితే పెద్దవాళ్ల మాటలో ఒక ముక్క నిజం. 2004 డిసెంబరు సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్‌లో రేడియో ముందు కూర్చుని కబుర్లు అందించారు. హుద్‌హుద్ తుపాను రోజుల్లో విశాఖలో ఫోన్లు ఎలా మూగబోయాయో మనకు తెలియనిది కాదు. నెట్‌వర్కు ఉంటేనే నడిచే స్టేషన్ సరిగ్గా అలాంటి రోజునే పనికిరాదు. కాబట్టి పైగదిలో మైకు తీసేయకండి, బ్యాటరీ కూడా.

లైసెన్సు లేని పిల్లలు కూడా దీన్ని నేర్చుకోవచ్చు. హామ్‌లిబ్‌లో ఒకటో నంబరు మోడల్ ఉత్తుత్తి రేడియో. లాప్‌టాప్ చాలు, రిగ్గు అక్కర్లేదు. రిగ్గు ఉన్నవాళ్లకు మాత్రం ఒక మనవి. ఈ ఆదివారం యాంటెన్నా విప్పి, శక్తిని గాల్లోకి పోనివ్వకుండా మింగేసే డమ్మీ లోడ్ తగిలించండి. కింద నుంచి ‘టి 1’ కొట్టి, ప్రసారం మధ్యలో నెట్‌వర్కు వైరు పీకేయండి. ఇంకోసారి యూఎస్‌బీ వైరు పీకండి. రెండుసార్లూ మీ రేడియో మీరు పెట్టిన గడువులోగా దానంతట అది ఆగిందా, యాంటెన్నా తగిలించండి. ఆగకపోతే మెట్లెక్కి పైగదిలోనే కూర్చోండి.