చెరకు కాపాడే సొరచేప

వన్యప్రాణులను రక్షిస్తున్నామని చెప్పుకొనే ఖరీదైన అలంకరణ సామగ్రి నేడు అనేక దేశాలలో అమ్ముడవుతున్నది. ఈ మాటలో నిజమెంతో విచారించడం విజ్ఞానశాస్త్రం చదివేవారి విధి.

ఇట్టి సామగ్రి రెండు విధాలు. మొదటిది, అమ్మకపు ధరలో కొంత భాగాన్ని రక్షణ సంస్థలకు విరాళంగా ఇచ్చేది. అమెరికాలో పుట్టిన షాంటెకాయ్ కంపెనీ ఏనుగులు, సీతాకోకచిలుకలు మొదలైన వాటి పేర రంగులు, పౌడర్లు అమ్మి ఈ పని చేసినది. ఇది మెచ్చదగిన దానమే. కాని డబ్బాలోని పదార్థానికీ ఆ ప్రాణికీ సంబంధం లేదు. రెండవది, ప్రాణిని చంపి తీసే పదార్థాన్ని విడిచి, బదులు మరొకటి వాడేది. దీనికి చోడవరం విద్యార్థులు ఎరిగిన పైరే ఆధారం కావడం విశేషం.

1906లో జపాను శాస్త్రజ్ఞుడు మిత్సుమారు త్సుజిమోటో సొరచేప కాలేయపు నూనెలో ఒక హైడ్రోకార్బన్‌ను కనుగొన్నాడు. దాని పేరు స్క్వాలీన్. దాని అణువులో 30 కార్బన్, 50 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. మరి 12 హైడ్రోజన్ పరమాణువులను చేర్చితే స్క్వాలేన్ అవుతుంది. ఇది త్వరగా చెడిపోదు, చర్మానికి నునుపునిస్తుంది. అందుచేత క్రీములలోను, పెదవి రంగులలోను వాడుతారు.

సొరచేపకు గాలితిత్తి లేదు. లోతు సముద్రపు సొర నీటిలో మునిగిపోకుండా నిలవడానికి నూనెతో నిండిన పెద్ద కాలేయమే తోడ్పడుతుంది. ఆ నూనె కొరకే దానిని వేటాడారు. గల్పర్ జాతి సొర ఒకటి సుమారు రెండేళ్లు గర్భం మోసి ఒకే పిల్లను కంటుంది. కనుక తరిగిన సంతతి మళ్లీ పెరగడానికి ఎంతో కాలం పడుతుంది.

2008లో యూనిలీవర్, లోరియల్ వంటి కంపెనీలు సొర నూనెకు బదులు మొక్కల నూనె వాడుతామని ప్రకటించాయి. మొదట ఆలివ్ నూనె శుద్ధిలో మిగిలే పదార్థం అక్కరకు వచ్చినది. తరువాత అమెరికాలోని అమైరిస్ కంపెనీ బ్రెజిల్ చెరకును ఆశ్రయించినది. మొలాసిస్‌నుండి ఈస్టు ఆల్కహాలును తయారుచేయడం మనకు తెలుసు. జన్యువులు మార్చిన ఈస్టు చెరకు చక్కెరనుండి 15 కార్బన్‌ల ఫార్నెసీన్‌ను తయారుచేస్తుంది. రెండు ఫార్నెసీన్ అణువులను జతపరచి హైడ్రోజన్ చేర్చితే స్క్వాలేన్ సిద్ధం!

ఇంతవరకు ప్రశంసనీయమే. అయితే దీనివలన ఏటా లక్షలాది సొరచేపలు బ్రతుకుతున్నవని చేసిన ప్రచారాన్ని అట్లే అంగీకరించరాదు. ఆ లెక్క నిలవాలంటే, చెరకు స్క్వాలేన్ లేకుంటే కొనేవారందరూ సొర నూనెనే కొని ఉండేవారని ఒప్పుకోవాలి. వారిలో కొందరు ఆలివ్‌ది కొని ఉండేవారు కదా! పైగా ఇతర చేపలకై వేసిన వలలలో కూడా సొరలు చిక్కి చస్తున్నవి. చెరకు పెరగడానికి పట్టే నీరెంతో, భూమి ఎంతో చోడవరం రైతునడిగితే చెబుతాడు. ఆ వ్యయం కూడా లెక్కలోనికి రావలెను.

మరొక చిక్కు ఉన్నది. మూలం ఏదైనా స్క్వాలేన్ అణువు ఒకటే. చూచిగాని, వాసనపట్టిగాని పోల్చలేము. అయినా శాస్త్రం ఒక దారి చూపినది. కార్బన్‌లో నూటికి సుమారు ఒక పరమాణువు 13 భారం గలది. గాలిలోని కార్బన్ డయాక్సైడును చెరకు గ్రహించే విధానం ఆలివ్ విధానంకన్న వేరు. అందుచేత చెరకులో ఈ బరువు కార్బన్ కొంచెం ఎక్కువ, ఆలివ్‌లో తక్కువ. సొర నూనెలో ఈ రెంటికీ నడుమ ఉంటుంది. ఈ తేడా ఆధారంగా ఫ్రాన్సులోని బ్లూమ్ సంస్థ క్రీములను పరీక్షింపజేసి, 2015లో ఫలితాలు ప్రకటించినది. సుమారు అయిదింట ఒకదానిలో సొర స్క్వాలేన్ బయటపడినది.

కాబట్టి అధిక ధరగాని, డబ్బామీది ప్రాణి బొమ్మగాని రక్షణకు నిదర్శనం కాదు. పదార్థం దేనినుండి వచ్చినదో స్పష్టంగా ముద్రించడం, ఆ మాటను పరీక్షకు నిలపడం – ఈ రెండూ ఉన్నప్పుడే ఆ ప్రకటనను నమ్మవచ్చును. సొరచేపకు కావలసినది మన జాలి కాదు, దాని నూనెకు గిరాకీ లేకుండా పోవడమే.