నలభై మూడు నిమిషాల లెక్క

ఎక్కడికి విమానంలో వెళ్లాల్సి వచ్చినా దూరం, సమయం చేత్తో లెక్క కట్టుకోవడం నాకు ఏళ్లనాటి అలవాటు. ఫోన్ ఆ అంకెలను చిటికెలో చెప్పేస్తుంది. కానీ కాగితం మీద వేసుకుంటేనే దారి ఒంటబడుతుంది. ఈ లెక్క నేర్పమని అడిగిన పిల్లలకు నేను ముందుగా ఇచ్చేది శంషాబాద్ నుంచి రాజమండ్రి దారి.

ఈ రెండు విమానాశ్రయాలూ దాదాపు ఒకే అక్షాంశం మీద, 17 డిగ్రీలకు కాస్త పైన ఉన్నాయి. కాబట్టి రేఖాంశాల తేడా చూస్తే సరిపోతుంది. శంషాబాద్ 78.43, రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి 81.82. తేడా 3.39 డిగ్రీలు. భూమధ్యరేఖ దగ్గర ఒక్కో డిగ్రీ 111 కిలోమీటర్లు. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాల గీతలు దగ్గరపడి, మన దగ్గర 106 అవుతుంది. గుణిస్తే సుమారు 360 కిలోమీటర్లు. రోడ్డున వెళ్తే 400 దాటుతుంది.

ఈ దారిలో తిరిగే ఏటీఆర్ అనే చిన్న పంకాల విమానం వేగం గంటకు 500 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. భాగిస్తే 43 నిమిషాలు. టికెట్ మీద మాత్రం గంట దాటే కనిపిస్తుంది. మిగతా సమయం ఎటు పోయిందో పట్టుకోవడంలోనే ఈ విద్య రుచి ఉంది.

టికెట్ లెక్క విమానం కదిలినప్పుడు మొదలై, అవతల ఆగి నిలబడ్డాక ముగుస్తుంది. శంషాబాద్‌లో పెద్ద రన్‌వే పొడవే 4,260 మీటర్లు. దాని కొస దాకా నేల మీద వెళ్లాలి, వరసలో ఆగాలి. పైకి లేచేటప్పుడూ, కిందికి దిగేటప్పుడూ ఆ 500 వేగం ఉండదు. పైగా విమానం గాలికి ఎదురుగా లేవాలి. నైరుతి రుతుపవనాల రోజుల్లో గాలి పడమటి నుంచి వీస్తుంది. అప్పుడు తూర్పున ఉన్న రాజమండ్రికి పోవాల్సిన విమానం ముందు పడమటికి లేచి, ఆ తర్వాత తూర్పుకు తిరుగుతుంది. మధురపూడి రన్‌వే నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. అదే పడమటి గాలి అక్కడా ఉంటే, గోదావరి దాటి, విమానాశ్రయాన్నీ దాటి, ఈశాన్యం నుంచి వెనక్కి తిరిగి దిగాల్సి వస్తుంది. తిన్నగా గీసిన గీతలో ఈ మలుపులేవీ ఉండవు.

జెట్ విమానమైతే గంటకు 800 దాటగలదు. ఇంత కొద్ది దూరంలో ఆ వేగం అందుకుని నిలిచేది కాసేపే. కలిసొచ్చేది ఏ పది పదిహేను నిమిషాలో.

అసలు ప్రయాణమంటే విమానంలో గడిపేదొక్కటే కాదు. హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి నుంచి రాజమండ్రి మీదుగా అమలాపురం వెళ్లే మనిషి సంగతి చూడండి. శంషాబాద్ చేరడానికి గంట పైనే. బయలుదేరే వేళకు కనీసం గంటన్నర ముందు అక్కడ ఉండాలి. దిగాక బ్యాగు తీసుకుని, బండి మాట్లాడుకుని, కోనసీమలోకి మరో రెండు గంటలు. అంతా కలిపితే ఆకాశంలో గడిపింది ఆరో వంతు.

అందుకే టికెట్ కొనేముందు కాగితం మీద మూడు గళ్లు గీయమంటాను: ఇంటి నుంచి విమానం, విమానంలో, విమానం నుంచి ఇల్లు. నడిమి గడిని ఇక పెద్దగా కుదించలేం. మొదటిదీ చివరిదీ మాత్రం మంచి రోడ్డుతో, విమానం దిగే వేళకు సిద్ధంగా ఉండే బస్సుతో బాగా తగ్గుతాయి. చిన్న ఊళ్లకు కొత్త విమానం కావాలని అడిగే మనం, దాంతోపాటు ఆ బస్సునూ గట్టిగా అడగాలి.