చుక్కలా, చారలా?

బెంగళూరు మారతహళ్ళి వంతెన దగ్గర పొద్దుగూకితే హారన్ల మోతలో మరే శబ్దమూ వినబడదనిపిస్తుంది. పక్క వీధుల్లో తొర్ర ఉన్న పాత చెట్టు ఒక్కటి మిగిలినా చాలు, పైడికంటి గూబల జంట బయటికొచ్చి కరెంటు తీగ మీద వాలుతుంది. వీధిదీపం చుట్టూ ముసిరే పురుగులే దానికి రాత్రి భోజనం. మనం తేరిపార చూస్తే అదీ తల కిందికీ మీదికీ ఊపుతూ గుడ్లురిమి చూస్తుంది.

అక్కణ్ణుంచి బన్నేరుఘట్ట గుట్టలకో, శేషాచలం, నల్లమల కొండలకో వెళ్తే దాదాపు అంతే ఉన్న ఇంకో గూబ ఎదురవుతుంది. అది అడవి చిన్నగూబ. రెండూ 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ. రెంటికీ పసుపు కళ్ళే, గోధుమ ఒళ్ళే. మరి ఏది ఏదో తేల్చేదెలా?

రంగును పక్కనబెట్టి, ఒంటి మీది గుర్తులు ఎలా పరుచుకున్నాయో చూడమంటారు పక్షుల్ని చూసే అలవాటున్నవాళ్ళు. నెత్తిన తెల్ల చుక్కలు, కళ్ళ మీద కొట్టొచ్చే తెల్ల కనుబొమలు ఉంటే పైడికంటి. నెత్తి నుంచి తోక దాకా సన్నని అడ్డచారలు, బొమలు తెలియని గుండ్రటి తల ఉంటే అడవి చిన్నగూబ. నెత్తిన కొమ్ముల్లా ఈకల కుచ్చులు లేచి ఉంటే ఈ రెండూ కావు, స్కాప్స్ గూబ.

చీకట్లో చెవే దిక్కు. పైడికంటిది కీచులాట. అడవి చిన్నగూబ నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోతుంది. ఇండియన్ స్కాప్స్ ఏదో అడుగుతున్నట్టు ఒక్క మాటే ఆగి ఆగి అంటుంది, కొత్తవాళ్ళు కప్ప అనుకుంటారు. అయితే ఫోనులో గూబ కూత వినిపించి దాన్ని పిలవడం మర్యాద కాదు. తన చోటుకి మరో గూబ వచ్చిందనుకుని అది గూడూ వేటా వదిలి వెతుకులాడుతుంది.

అలవాట్లు తెలియాలంటే చెట్టు కింద చూడాలి. అరగనిదంతా గూబ ఉండచుట్టి కక్కేస్తుంది. ఎండిన ఉండను పుల్లతో విప్పితే నిగనిగలాడే పేడపురుగు రెక్క డిప్పలు, చిట్టెలుక దవడ, అందులో ఇంకా ఊడని పళ్ళు. అపశకునమని జనం తరిమే పిట్ట రాత్రంతా ఏం చేసిందో ఆ ఉండ చెబుతుంది. దీపావళి పూజల పేరుతో గూబల్ని పట్టి అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, అయినా ఆగలేదు.

ఇంత పట్టిపట్టి చూడటం ఎందుకంటే, అడవుల్లో ఉండే మరో చిన్నగూబ జాతి కథ వినాలి. దాన్ని 1872లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో బ్లెవిట్ అనే ఆయన సేకరించగా, మరుసటేడు పక్షి శాస్త్రవేత్త హ్యూమ్ లోకానికి పరిచయం చేశాడు. 1884 తర్వాత ఎవరికీ చిక్కలేదు. 1914లో గుజరాత్‌లో దొరికిందంటూ పక్షి నమూనాలు సేకరించే మైనర్ట్జ్‌హాగన్ ఒక నమూనా చూపించాడు. దాన్ని నమ్మినవాళ్ళు దశాబ్దాల పాటు తప్పుడు చోట వెతికారు. పక్షి శాస్త్రవేత్త పామెలా రాస్ముసెన్ పరిశీలించాక తేలిందేమిటంటే, అది దొంగిలించి, మళ్ళీ కుట్టి, చీటీ మార్చిన పాత నమూనా. నిజమైన నమూనాలు దొరికిన చోట్ల జాడ తీస్తూ ఆమె బృందం 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర, సాత్పురా కొండల అడుగున దాన్ని పట్టపగలే చూసింది. మధ్యలో గడిచినవి 113 ఏళ్ళు.

దాదాపు చుక్కల్లేని నెత్తి, తెల్లటి పొట్ట, రెక్కల మీదా తోక మీదా వెడల్పాటి పట్టీలు, దట్టంగా ఈకలు కప్పిన బలమైన కాళ్ళు దాని ఆనవాళ్ళు. 2014లో ముంబయికి దగ్గర్లోని తాన్సా అడవిలోనూ అది బయటపడింది. పైడికంటి, అడవి చిన్నగూబ, ఇదీ మూడూ తిరిగే ఇలాంటి అడవుల్లో ముందు చూడాల్సింది ఆ నెత్తినీ, ఆ పొట్టనీ.