ఫ్రెడ్ వర్గాస్ నవలల్లో పరిశోధకుని విలక్షణత
అపరాధ పరిశోధక నవలల్లో పరిశోధకుని వింత ప్రవర్తనను కేవలం అలంకారంగా పరిగణించడం పరిపాటి. ఫ్రెంచి రచయిత్రి ఫ్రెడ్ వర్గాస్ విషయంలో ఈ అభిప్రాయం నిలవదు. ఆమె ప్లేగు వ్యాప్తిని అధ్యయనం చేసిన పురాజంతుశాస్త్రవేత్త. 2001లో వెలువడిన 'పార్ వీత్ ఎ రెవియన్ తార్' (త్వరగా వెళ్లు, ఆలస్యంగా తిరిగిరా) నవలలో ప్యారిస్ ఇళ్ల తలుపులపై తిరగేసిన నాలుగు అంకె కనిపించడంతో నగరంలో పాత ప్లేగు భయం మేల్కొంటుంది. సహాయకుడు దాంగ్లార్ పాండిత్యానికీ తర్కానికీ ప్రతినిధి. కమిషనర్ ఆడమ్స్‌బెర్గ్ మాత్రం క్రమబద్ధమైన తర్కాన్ని ఆశ్రయించక, గమ్యం లేకుండా నడుస్తూ ఆలోచిస్తాడు. భయం తర్కానికి లొంగదు కనుక, దాని చాటున దాగిన ప్రతీకారాన్ని పసిగట్టడానికి ఆ సంచారమే సాధనమవుతుంది. ఆధారాలను బేరీజు వేసి నేరస్థుణ్ణి ముందే ఊహించే అవకాశం పాఠకునికి ఇందులో తగ్గుతుందన్నది నిజమే. అయితే వదంతి సామూహిక భీతిగా మారే తీరు అతనికి అనుభవంలోకి వస్తుంది. ఈ నవలల ఆకర్షణకు మూలం అదే.