మారిందా అని ముందు అడగండి

వందల సర్వర్లను ఒకే తీరున నడిపించేవాళ్లం వేగం అనగానే ఇంకో పెద్ద మెషీన్ గురించి ఆలోచిస్తాం. ఇన్నేళ్ల పనిలో నాకు కుదిరిన నమ్మకం వేరు. అక్కర్లేని ఫైల్‌ని దించుకోకపోవడమే అసలైన వేగం.

ఈ సంగతిలో నాకు గురువు సీఎఫ్‌ఇంజన్. 1993లో మార్క్ బర్జెస్ ఆస్లోలో మొదలుపెట్టిన, సర్వర్లను ఒకే తీరున ఉంచే సాఫ్ట్‌వేర్ అది. దాని ఏజెంటు మామూలుగా 5 నిమిషాలకోసారి లేచి, పాలసీ సర్వర్లో కొత్త ఆదేశాలున్నాయేమో చూస్తుంది. పాలసీలో, అంటే ఆ ఆదేశాల కట్టలో, 200 ఫైళ్లు, దాని కింద 1,000 మెషీన్లు ఉన్నాయనుకుందాం. ఫైల్ ఫైల్‌నీ విడిగా పోల్చుకుంటూ పోతే రోజుకి 5 కోట్ల 76 లక్షల పోలికలు. పాలసీ ముట్టుకోని రోజున అన్నిటికీ ఒకటే జవాబు, మారలేదని. కొండను తవ్వి ఎలుకను పట్టడమే ఇది.

దీనికి సీఎఫ్‌ఇంజన్ కనిపెట్టిన ఉపాయం చాలా చిన్నది. సర్వర్లో పాలసీ తనిఖీలో నెగ్గాక ఒక గుర్తు ఫైల్ తయారవుతుంది. పేరు సీఎఫ్_ప్రామిసెస్_వ్యాలిడేటెడ్. ఏజెంటు ముందు దాన్నొక్కదాన్నే చూస్తుంది. అది మారకపోతే మిగతావాటి జోలికి పోదు. పైన చెప్పిన లెక్క 2,88,000కి దిగుతుంది. వేగం కన్నా నాకు ఇందులో నచ్చింది మరొకటి ఉంది. తప్పులున్న పాలసీకి ఆ గుర్తు పడదు, కనుక అది వెయ్యి మెషీన్లకీ పాకదు. పని తగ్గించే ఫైలే కాపలా కూడా కాస్తుంది.

అయితే గుర్తు ముందే దిగి, అసలు ఫైళ్లు సగంలో ఆగిపోతే? అంతా కొత్తదే అనుకుంటూ మెషీన్ పాత ఆదేశాలతో నడుస్తుంది. ఇలాంటి ఏర్పాటు సొంతంగా రాసుకునేవాళ్లు ఫైళ్లన్నీ చేరాకే, ఆఖర్న, తమ దగ్గరి గుర్తు మార్చాలి. ఈ వరస తప్పకూడదు.

ఇదే తరహా సాధనమైన పప్పెట్ కూడా 2016లో 4.4 వెర్షన్‌తో స్టాటిక్ క్యాటలాగ్‌లు తెచ్చింది. ఫైళ్ల చెక్‌సమ్‌లు, అంటే వాటిలో ఉన్నదాన్ని బట్టి లెక్కించిన గుర్తులు, క్యాటలాగ్‌తోనే వచ్చేస్తాయి, ఒక్కోదానికీ సర్వర్ని అడిగే పని తప్పుతుంది.

ఇదే కోవలోని యాన్సిబుల్ వాడే మిత్రులకి ఒక మాట. ఫైళ్లు దించే గెట్_యూఆర్ఎల్‌లో గమ్యంగా ఫోల్డర్ పేరు ఇస్తే, చెక్‌సమ్ రాసినా సరే, ఫైల్ ప్రతిసారీ దిగుతుంది. ఫైల్ పేరుతో సహా పూర్తి దారి ఇచ్చి, పక్కన చెక్‌సమ్ రాస్తే, ఉన్న ఫైల్ సరిపోలినప్పుడు మళ్లీ దించదు. మీ ప్లేబుక్‌లలో ఆ లైన్లు ఈ వారమే ఒకసారి సరిచూసుకోండి.